దగ్గు లేని అధ్యాయాలు

నా ఉద్యోగం దగ్గులు కత్తిరించడం. నియామక పత్రంలో ‘శబ్దగ్రాహకుడు’ అని మర్యాదగానే రాశారు కానీ, పన్నెండేళ్లుగా నేను చేస్తున్నది అదే. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు చదివించి రికార్డు చేసే గ్రంథాలయం మాది. చదివేవాళ్లు జీతం లేకుండా, ఇష్టంతో వస్తారు. వాళ్లతోపాటు వాళ్ల తుమ్ములు, గొంతు సవరింపులు, కడుపులో గుడగుడలు కూడా వస్తాయి. అవన్నీ ఏరి పారేసి, అసలు మనిషెవరూ చదవలేదేమో అన్నంత శుభ్రంగా పుస్తకాన్ని బయటికి పంపడం నా పని. ఈ విషయంలో నాకు కాస్త పొగరు కూడా ఉండేది. అది ఎలా దిగిందో చెప్పాలంటే జాగ్రఫీ మేడమ్ గురించి చెప్పాలి.

మా రికార్డింగ్ గది ఒకప్పుడు పాత ఫైళ్లు పడేసే గది. గోడలకు కంబళ్లు కొట్టాం, తలుపుకు పరుపు కట్టాం. రికార్డింగ్ నడుస్తున్నంతసేపూ ఫ్యాను తిరగకూడదు. కాగితం చప్పుడు కాకుండా బల్ల మీద మందపాటి తువ్వాలు పరిచి ఉంటుంది. అద్దానికి అటువైపు చదివేవాళ్లు, ఇటువైపు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని నేను. వాళ్లు కూర్చునే చెక్క కుర్చీ కిర్రుమంటుంది. మూడుసార్లు బాగుచేయించాను. ప్రతిసారీ కిర్రు కూడా బాగుపడి వచ్చింది.

ఆ కుర్చీలో ఆరేళ్లుగా, వారానికి నాలుగు రోజులు, పొద్దున పదింటికల్లా మేడమ్ కూర్చునేవారు. బడిలో ముప్పై నాలుగేళ్లు జాగ్రఫీ చెప్పి రిటైరయ్యారు. పొట్టిగా, సన్నగా ఉంటారు. గొంతు మాత్రం ఆ మనిషిది కాదనిపిస్తుంది. చివరి బెంచీ దాకా వినిపించాలని ముప్పై నాలుగేళ్లు సాధన చేసిన గొంతు. మొదటిరోజు నా ముందున్న, శబ్దం కొలిచే మీటరు ముల్లు ఎర్రగీత దాటిపోయి అక్కడే నిలబడింది.

"మేడమ్, నేను పక్కగదిలోనే ఉన్నానండీ" అని విన్నవించుకోవాల్సి వచ్చింది.

చదవడంలో ఆవిడకొక పద్ధతి ఉంది. వాక్యం మొదట్లో ఊపిరి, కామా దగ్గర ఊపిరి, ఫుల్‌స్టాప్ దగ్గర ఊపిరి. కామా లేనిచోట ఆవిడ ఊపిరి తీసుకోవడం నేను వినలేదు. రచయిత కామా పెట్టడం మర్చిపోతే బిగబట్టుకునైనా చివరిదాకా వెళ్లేవారు. ఆ తర్వాత రచయితను రెండు మాటలు అనేవారు. ఆ రెండు మాటలూ నేను కత్తిరించేవాణ్ణి.

ఎండలోనూ వానలోనూ ఎందుకంత పట్టుదలగా వస్తారని ఒకసారి అడిగాను.

"నదులు ఎటు పారతాయో చెప్తుంటే నా పిల్లలు కిటికీలోంచి బయటికి చూసేవాళ్లు బాబూ. ముప్పై నాలుగేళ్లు కిటికీతో పోటీపడ్డాను. ఇప్పుడు నేను చెప్పేది వినడానికే కూర్చునేవాళ్లు దొరికారు. వదులుకుంటానా?" అన్నారు.

రెండేళ్ల కిందట ఆవిడ గుండె మొరాయించింది. ఆసుపత్రిలో ఒక నాళంలో స్టెంటు వేసి, చేతినిండా మాత్రలిచ్చి పంపారు. వాటిలో రెండు, తర్వాత వచ్చి చేరిన ఇంకొకటి ఆవిడ జీవితాన్ని పంచుకున్నాయి. వాటి అసలు పేర్లు నోరు తిరగనివి కాబట్టి మేడమ్ తన సబ్జెక్టులోంచి పేర్లు పెట్టుకున్నారు.

గుండె వేగం తగ్గించే మాత్ర పేరు ధ్రువం. అది వేసుకున్నాక చేతివేళ్లు చల్లబడిపోయేవి. పేజీ తిప్పడం కష్టమై ఉన్ని తొడుగులు వేసుకుని చదవడం మొదలుపెట్టారు. ఫ్యాను లేని గదిలో నేను చెమటతో తడిసిపోతుంటే, అద్దానికి అటువైపు ఆవిడ చేతి తొడుగులతో కూర్చునేవారు. తొడుగుల వల్ల కాగితం చప్పుడు తగ్గింది కాబట్టి నాకేమీ అభ్యంతరం లేకపోయింది. ఆ మాత్రతోనే ఇంకో చిక్కు: ఉన్నట్టుండి లేస్తే కళ్లు తిరిగేవి. అందుకని లేచి నిలబడి, బల్ల అంచు పట్టుకుని, మనసులో పది లెక్కపెట్టుకున్నాకే అడుగు వేసేవారు.

"భూమి తిరుగుతుందని పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను. ఇప్పుడు నమ్ముతున్నాను" అన్నారు ఓసారి.

ఒంట్లో నీరు చేరకుండా చూసే మాత్ర వర్షాకాలం. అది వేసుకున్న పూట నలభై నిమిషాలకోసారి లేవాలి. పాఠం మధ్యలో హఠాత్తుగా "ఒక్క నిమిషం, వర్షాకాలం" అనేవారు. పది లెక్కపెట్టుకునే మౌనం, కుర్చీ కిర్రు, తలుపు, వరండా పొడుగునా చెప్పుల చప్పుడు, ఆ చివర నీళ్ల చప్పుడు, మళ్లీ చెప్పులు, తలుపు, కిర్రు. మొత్తం ఆరు నిమిషాలు. అవీ కత్తిరించేవాణ్ణి.

మూడోది ఈ ఏడాది మొదట్లో వచ్చింది. రక్తపోటు మాట వినడం లేదని డాక్టరు కొత్తగా చేర్చారు. నెల తిరిగేసరికి మేడమ్‌కు పొడిదగ్గు పట్టుకుంది. కఫం లేదు, జ్వరం లేదు, జలుబు లేదు. గొంతులో ఎవరో ఈకతో గీరుతున్నట్టు ఉంటుందట. మందుల డబ్బాలో మడతపెట్టిన కాగితం తీసి, చీమలంత అక్షరాలను పట్టుబట్టి చదివి, ఇది కొత్త మాత్ర పనేనని తేల్చుకున్నారు. దానికి ఎడారి అని పేరు పెట్టారు.

సరిగ్గా అప్పుడే చట్టం పుస్తకం వచ్చింది.

దాన్ని అడిగింది ఒక టెలిఫోన్ ఆపరేటరమ్మాయి. పుట్టుకతోనే చూపు లేదు. ఒక పెద్ద ఆఫీసులో స్విచ్‌బోర్డు మీద పనిచేస్తూ లా చదువుతోంది. అవతలివాళ్లు హలో అనకముందే, ఊపిరిని బట్టి ఫోన్ చేసిందెవరో చెప్పగలదని ఆ ఆఫీసులో పేరు. ఒప్పందాల చట్టం మీద ఇరవై నాలుగు అధ్యాయాల పుస్తకం కావాలంది. పరీక్ష అయిదు నెలల్లో ఉంది. జాగ్రఫీ మేడమ్ చదివితేనే తనకు బుర్రకెక్కుతుందంది. ఆ మాట నేను మేడమ్‌కు చెప్పినప్పుడు ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "ఎన్ని పేజీలు?" అని మాత్రం అడిగారు. తొమ్మిది వందలు అన్నాను. "ఇవ్వు" అన్నారు.

మొదటి అధ్యాయంలో దగ్గులు అరవై. అయిదో అధ్యాయానికి నూట ముప్పై. ఒక్కో వాక్యం మూడుసార్లు చదవాల్సి వచ్చేది. ఆవిడ దగ్గినప్పుడల్లా నా హెడ్‌ఫోన్లలో చెవులు చిల్లులు పడేవి. పొద్దున రెండు గంటలు రికార్డు చేస్తే, మధ్యాహ్నం నాలుగు గంటలు కూర్చుని ఏరుకునేవాణ్ణి. పని నెమ్మదిస్తోందని మా కార్యదర్శి గారు చెవిలో జోరీగలా తయారయ్యారు. ఆయనకు తెలిసిన ఒకాయన సబ్బుల ప్రకటనలకు గొంతిస్తాడు. "ఈ నెలాఖరుకి దగ్గు తగ్గకపోతే పుస్తకం ఆయన చేతికిద్దాం. ఆ సంగతి ఆవిడకి నువ్వే చెప్పు, నీకు చనువు కదా" అన్నారు.

చెప్పాను. చెప్పిన పద్ధతి గురించి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. కత్తిరించిన దగ్గుల్ని నేను పారేయలేదు. సరదాకి అన్నీ ఒకచోట అతికించి దాచాను. పద్నాలుగు నిమిషాలు వచ్చాయి. కార్యదర్శి మాట చెప్పి, కాస్త తేలికపరుద్దామని, ఆ పద్నాలుగు నిమిషాలూ ఆవిడకు వినిపించాను.

మేడమ్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని చివరిదాకా విన్నారు. తర్వాత నవ్వారు. "ఇన్ని నావేనా? పాపం, నీకు ఎంత పని పెట్టాను బాబూ" అన్నారు. నేనూ నవ్వాను. తేలికపడిందనుకున్నాను.

పది రోజులకు దగ్గు తగ్గుముఖం పట్టింది. పదిహేనో అధ్యాయానికి వచ్చేసరికి పూర్తిగా పోయింది. అంతేకాదు, మధ్యలో లేవడం కూడా మానేశారు. పదింటికి కూర్చుంటే పన్నెండింటికి లేచేవారు. ఏం చేశారు మేడమ్ అంటే, "తేనె" అన్నారు. నేను నమ్మాను. ఇంట్లో మా ఆవిడకు కూడా చెప్పాను, తేనె మంచిదట అని.

ఆ మూడు వారాలూ నా ఉద్యోగంలో బంగారుకాలం. కత్తిరించడానికేమీ లేక మధ్యాహ్నాలు ఖాళీగా కూర్చునేవాణ్ణి. ఒకరోజు మేడమ్ మగవాళ్ల చెప్పులు వేసుకొచ్చారు, తమ పాదాల కంటే రెండు సైజులు పెద్దవి. తొందరలో వాళ్లాయనవి తొడుక్కొచ్చారనుకున్నాను. మర్నాడు కూడా అవే. నాకు పట్టిందల్లా అవి నేల మీద టపటపలాడుతున్నాయని. గుమ్మం దగ్గరే విడిచి రమ్మన్నాను. విడిచి వచ్చారు. పాదాల వైపు నేను చూడలేదు. నా దృష్టంతా మీటరు ముల్లు మీదే.

ఇరవయ్యో అధ్యాయం పూర్తయిన మర్నాడు, శుక్రవారం మధ్యాహ్నం, ఆపరేటరమ్మాయి ఫోన్ చేసింది. అధ్యాయాలు ఎప్పటికప్పుడు ఆమెకు పంపుతూనే ఉన్నాం.

"సార్, మేడమ్‌కి ఒంట్లో బాగుందా?"

"బ్రహ్మాండంగా ఉన్నారమ్మా. దగ్గు పూర్తిగా పోయింది. గమనించావా?"

"గమనించాను సార్. అందుకే చేశాను. ముందు అధ్యాయాల్లో మీరు దగ్గు తీసేసినా, దాని ముందు ఊపిరి కొంచెం మిగిలిపోయేది. ఇప్పుడు అది లేదు. ఇంకోటి వచ్చింది."

"ఇంకోటేంటి?"

"పద్దెనిమిదో అధ్యాయం మొదట్లో ‘ఒప్పందాన్ని’ అని ఆగి, ఊపిరి తీసుకుని, ‘ఉల్లంఘించిన పక్షం’ అన్నారు. అక్కడ కామా ఉందా సార్?"

పుస్తకం తీసి చూశాను. లేదు.

"పదిహేనులో అలాంటివి మూడే ఉన్నాయి. పద్దెనిమిదిలో ఇరవై దాటాయి. పంతొమ్మిదిలో లెక్కపెట్టడం మానేశాను. మా నాన్న పోయే ముందు నెల ఫోన్లో ఇలాగే మాట్లాడేవారు. మాట మధ్యలో ఊపిరి. అప్పుడు నాకు తెలీలేదు సార్."

కనుక్కుంటానని చెప్పి ఫోన్ పెట్టేశాను. పదిహేను నుంచి ఇరవై దాకా అక్కడక్కడా తీసి విన్నాను. పన్నెండేళ్లలో మొదటిసారి, కత్తిరించడానికి కాకుండా విన్నాను. ఆ అమ్మాయి చెప్పినదంతా అక్కడ ఉంది. దగ్గయితే నాకు ఎర్రగీత దాటి కనిపించేది. ఇది మెత్తగా, గీత కిందనే, వాక్యం నడుమ కూర్చుని ఉంది. దాన్ని నేను శుభ్రమనుకున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది. గదికి తాళం వేసి మేడమ్ ఇంటికి బయల్దేరాను.

రెండో అంతస్తు. తలుపు తీసింది వాళ్లాయన. రిటైరైన పోస్టుమ్యాన్. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్క ఉత్తరం కూడా తప్పు చిరునామాకు ఇవ్వలేదని ఆయనే చెప్తారు, అడగకపోయినా.

"రా బాబూ, రా. టీచర్ కాస్త నడుం వాల్చింది. వాల్చడమంటే వాల్చడం కాదులే, కుర్చీలోనే. పడుకుంటే గాలాడటం లేదంటోంది వారం నుంచి. ఉక్కపోత కదా" అన్నారు.

"బాబాయ్, మేడమ్ మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?"

ఆయన ముఖం గంభీరమైంది. అది ఆయన శాఖ.

"మాత్రలా? పొద్దున ఏడున్నరకి మూడు, రాత్రి ఎనిమిదింటికి రెండు. నేనే ఇస్తాను. డబ్బాలోంచి తీసి, గ్లాసుడు నీళ్లతో సహా, చేతికి. ఒక్క పూట ఆలస్యం లేదు. కావాలంటే పుస్తకం చూడు" అని గోడకు వేలాడుతున్న నోటుపుస్తకం తీశారు. తేదీ, సమయం, మాత్ర, ఎదురుగా మేడమ్ పొట్టి సంతకం. అందినట్టు.

"మింగడం చూశారా?"

"మింగడం చూడటమేంటి?" అన్నారాయన నిజంగానే అర్థం కాక. "చేతికిచ్చాను. సంతకం పెట్టింది. విప్పి చదువుకున్నారా లేదా అని గుమ్మంలో నిలబడి చూస్తామా?"

ఎవరి వృత్తి వాళ్ల కళ్లకు గంతలు కడుతుంది. నాకు చెవులకు కట్టింది.

టీ తెచ్చి, గ్లాసు పెట్టడానికి చోటు చేద్దామని ఆయన బల్ల మీది గ్లోబును పక్కకు జరిపారు. మేడమ్ రిటైరైనప్పుడు బడివాళ్లిచ్చిన పాత గ్లోబు అది. జరుపుతుంటే లోపల ఏదో గలగలమంది. సన్నని చప్పుడు, గింజలు దొర్లినట్టు. ఆ నెలంతా నేను సరిగ్గా విన్న చప్పుడు అదొక్కటే.

"బాబాయ్, ఆ గ్లోబులో ఏముంది?"

"గ్లోబులో ఏముంటుంది? దేశాలుంటాయి."

"ఇంకోసారి ఊపండి."

ఊపారు. ఇద్దరం విన్నాం. నేను గ్లోబును తలకిందులు చేసి చూశాను. దక్షిణ ధ్రువం దగ్గర ఇరుసు వదులై, వేలు పట్టేంత కన్నం, దానికి అడ్డంగా కుక్కిన దూది ఉంది. దూది లాగేసి, కన్నం కిందికి వచ్చేలా వంచాను. బల్ల మీదికి ఒక్కొక్కటే మాత్రలు రాలాయి. తెల్లవి ముప్పై పైన, పసుపువి ఇరవై దాకా. తెల్లవి ఎడారి. పసుపువి వర్షాకాలం.

పోస్టుమ్యాన్ బాబాయ్ కుర్చీలో కూలబడ్డారు. ఒక్కో మాత్రనూ వేలితో తాకి చూశారు, తాను పంచిన ఉత్తరాలన్నీ ఎవరో విప్పకుండా తిరిగి తెచ్చి ఒళ్లో పోసినట్టు. "నా ఇంట్లోనే" అన్నారు. "నా చేత్తోనే." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మనిషిని అలా చూడటం నాకు కష్టమనిపించింది.

"భూగర్భ నిక్షేపాలు తవ్వేస్తున్నారా?" అని గుమ్మంలోంచి వినిపించింది.

మేడమ్ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ మూడు మాటలకే ఆయాసపడుతున్నారు. అప్పుడు చూశాను పాదాలు. చీలమండలు కనిపించడం లేదు. పాదం, కాలు ఒకటే అయిపోయాయి. ఇన్నాళ్లూ వాళ్లాయన చెప్పులు ఎందుకు వేసుకున్నారో అర్థమైంది. సొంతవి పట్టలేదు.

"ఎందుకు మేడమ్?" అన్నాను. కోపంగానే అన్నాను. "ఆ మందు కాగితంలో దగ్గు వస్తుందని చదివారు కదా. ఆ కింది వాక్యంలోనే, వస్తే డాక్టరుకి చెప్పమని ఉంటుంది. అది చదవలేదా?"

"చదివాను. పెడచెవిన పెట్టాను. నా పిల్లలు కూడా ఇలాగే చేసేవాళ్లు." కుర్చీలో కూర్చుని, ఊపిరి కూడదీసుకుని, ఆ తర్వాత అసలు మాట చెప్పారు. "దగ్గుందంటే, ఇక చదవడం మానెయ్యమంటాడని భయపడ్డాను బాబూ. ఎడారి మానితే గొంతు బాగుపడింది. వర్షాకాలం మానితే లేవక్కర్లేకపోయింది. పుస్తకం అయ్యాక మళ్లీ మొదలుపెడదామనుకున్నాను. ఇంకా నాలుగు అధ్యాయాలేగా."

ఆ పద్నాలుగు నిమిషాల దగ్గులూ నా చెవుల్లో మోగాయి. "నేను వినిపించకుండా ఉండాల్సింది" అన్నాను.

"నువ్వు వినిపించకపోతే కార్యదర్శి వినిపించేవాడు. నీ దగ్గరైతే కనీసం నవ్వొచ్చింది."

బాబాయ్ లేచి చొక్కా మార్చుకున్నారు. "ఇవాళ నేను దగ్గరుండి అందజేస్తాను" అని మేడమ్ చెయ్యి పట్టుకున్నారు. ముగ్గురం కలిసి ఒక్కో మెట్టూ దిగాం. ప్రతి మలుపు దగ్గరా ఆవిడ ఆగారు.

ఆసుపత్రిలో ఎనిమిది రోజులుంచారు. గుండె అలిసిపోయి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. ఇంకో వారం ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోతే, "వద్దు, ఊహించుకోగలను" అన్నారు మేడమ్. ఆయన అప్పుడు గ్లోబు కథంతా విని, కళ్లజోడు పైకి నెట్టుకున్నారు.

"ఆ మాత్రకి చాలామందికి దగ్గు వస్తుందమ్మా. ఇదే పని చేసే ఇంకో రకం మాత్ర ఉంది. దానికి సాధారణంగా దగ్గు రాదు. మీరు ఒక్క మాట చెప్పుంటే అప్పుడే మార్చి రాసేవాణ్ణి. రెండు నిమిషాల పని."

"మీరూ అడగలేదుగా" అన్నారు మేడమ్.

డాక్టరు ఆలోచించారు. "అవును, అడగలేదు" అని ఒప్పుకుని, చీటీ రాశారు. గడియారం చూశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

కొత్త మాత్ర వేసుకున్నాక ఎలా ఉందని తర్వాత అడిగాను. పేరు పెట్టారా అని కూడా అడిగాను.

"పీఠభూమి. పైనంతా చదునే, ఎత్తుపల్లాలు ఉండవు. చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. పరీక్షలో కూడా రెండు మార్కులకి మించి రాదు."

ఈలోగా కార్యదర్శి గారు సబ్బుల గొంతాయన చేత ఇరవై ఒకటో అధ్యాయం నాలుగు పేజీలు చదివించారు. ఆపరేటరమ్మాయికి పంపాం. "బాగా చదివారు సార్. వింటుంటే వెంటనే ఏదైనా కొనాలనిపిస్తోంది. చట్టం మాత్రం అర్థం కాలేదు" అంది. "మేడమ్ వచ్చేదాకా ఆగుతాను. రాలేకపోతే ఇరవై అధ్యాయాలతోనే పరీక్ష రాస్తాను. ఆవిడకి మాత్రం తొందర అని చెప్పకండి. ఇంకో మాత్ర మానేస్తారు."

అయిదో వారం మేడమ్ వచ్చారు. రోజుకు గంటన్నరకు మించి చదవకూడదని డాక్టరు షరతు. పరీక్షకు మూడు వారాలుంది. బాబాయ్ కూడా వెంట వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. ఇప్పుడు ఆయన నోటుపుస్తకంలో ఇంకో గడి గీశారు: మింగినట్టు. అది ఆయన కళ్లారా చూశాకే నింపుతారు. నోరు తెరిచి చూపించమంటున్నారని మేడమ్ ఫిర్యాదు.

మేడమ్ తొడుగులు వేసుకుని, కుర్చీ కిర్రుమనిపించి, ఇరవై ఒకటో అధ్యాయం మొదలుపెట్టారు. వాక్యం మొదట్లో ఊపిరి. కామా దగ్గర ఊపిరి. గొంతు మునుపటి కంటే కాస్త సన్నబడింది, ముల్లు ఎర్రగీత జోలికి వెళ్లలేదు. నలభై నిమిషాలు గడిచాయి. ‘పరిహారం కోరే హక్కు’ అనే వాక్యం పూర్తిచేసి, "ఒక్క నిమిషం, వర్షాకాలం" అన్నారు. పది లెక్కపెట్టుకునే మౌనం. కిర్రు. తలుపు. వరండాలో చెప్పులు. ఈసారి టపటపలు లేవు. సొంత చెప్పులు.

ఆ మధ్యాహ్నం కత్తిరించడానికి కూర్చున్నాను. ఆరు నిమిషాల ముక్క. ఇటు గీత, అటు గీత పెట్టాను, మీట మీద వేలు పెట్టాను. పన్నెండేళ్ల అలవాటు. కానీ ఆ మౌనం, ఆ కిర్రు, ఆ చెప్పులు నా పనికి అడ్డొచ్చిన చప్పుళ్లలా వినిపించలేదు. ఆవిడ పొద్దున మాత్ర వేసుకున్నారన్న కబురులా వినిపించాయి. వేలు తీసేశాను. మర్నాడు అధ్యాయం పూర్తయ్యాక ఉన్నదున్నట్టు పంపేశాను.

కార్యదర్శి గారు విని ఒంటికాలి మీద లేచారు. "చట్టం పుస్తకంలో వర్షాకాలం ఏంటయ్యా? ఆ తలుపులేంటి, ఆ నీళ్లేంటి?"

"అది పాఠంలో భాగమండీ" అన్నాను.

"ఏ పేజీలో ఉంది?"

"పేజీలో లేదండీ" అని నా పని నేను చూసుకున్నాను. ఆయన వెళ్లిపోయారు.

పదిహేను నుంచి ఇరవై దాకా, దగ్గు లేని ఆ అధ్యాయాలు ఇప్పటికీ మా గ్రంథాలయంలో ఉన్నాయి. నా చేతి మీదుగా వెళ్లినవాటిలో అంత శుభ్రమైనవి ఇంకేవీ లేవు. నేను వాటిని మళ్లీ వినలేదు. దగ్గులు అతికించి దాచిన పద్నాలుగు నిమిషాలు కూడా ఉన్నాయి. అవి పారేయడానికీ చేతులు రాలేదు.

ఇరవై రెండో అధ్యాయం నడుస్తున్న రోజు, మేడమ్ వరండాలోకి వెళ్లిన ఆరు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"సార్, ఇరవై ఒకటి విన్నాను" అంది ఆపరేటరమ్మాయి. "మూడుసార్లు లేచారు."

"అవునమ్మా. రెండు రోజులు పట్టింది చదవడానికి. మూడుసార్లు."

"ఊపిరి అంతా కామాల దగ్గరే తీసుకున్నారు. ఒక్కచోట తప్ప. యాభై నాలుగో నిమిషం."

పుస్తకం లాక్కుని ఆ వాక్యం వెతికాను. వేలితో పదం పదం చూసుకుంటూ వెళ్లాను.

"అక్కడ కామా ఉందమ్మా" అన్నాను. "చిన్నది. సరిగ్గా అచ్చు పడలేదు."

అవతల ఆ అమ్మాయి ఊపిరి వదలడం వినిపించింది. "అయితే సరే సార్. మిగతావి కూడా ఇలాగే పంపండి. ఏమీ తీసెయ్యకండి" అని పెట్టేసింది.

అద్దానికి అటువైపు కుర్చీ ఖాళీగా ఉంది. తువ్వాలు మీద పుస్తకం తెరిచి ఉంది, దాని మీద తొడుగులు ఉన్నాయి. వరండా చివర నీళ్ల చప్పుడైంది. చెప్పులు దగ్గరికొస్తున్నాయి. "మెల్లగా" అని బాబాయ్ అంటున్నారు, "మెల్లగానే వస్తున్నాను" అని ఆవిడ అంటున్నారు. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. రికార్డింగ్ ఆపలేదు.